విద్యార్థుల ఒత్తిడి, ఉద్వేగాల నిర్వహణ

చదువుకునే వయసులో భయం, కోపం, దిగులు, నిరాశ, అసూయ వంటి ఉద్వేగాలను గుర్తుపట్టి, వాటితో నెగ్గుకురావడం విద్యార్థులకు నేర్పే కృషినంతటినీ కలిపి ఉద్వేగాల నిర్వహణ అంటారు. పరీక్షలు, పోటీ, హాస్టల్ జీవితం, ఇంటి ఆర్థిక పరిస్థితి, స్నేహాల్లోని ఒడిదుడుకులు ఈ వయసులో ఒత్తిడికి ప్రధాన కారణాలు. మనోవిజ్ఞానం, విద్యాశాస్త్రం, వైద్యం, ప్రజారోగ్యం, చట్టం ఈ విషయంలో కలుస్తాయి. గత నూరేళ్ల పరిశోధన రెండు సంగతులను తేల్చింది. ఒత్తిడిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఖరారయ్యేది కాదు, అది నేర్చుకోదగిన నైపుణ్యం. అయితే బిడ్డ ఎంత నేర్చినా, చుట్టూ ఉన్న ఇల్లు, బడి, పరీక్షా విధానం మారకపోతే ఆ నేర్పు సగం పనే చేస్తుంది. ఈ రంగంలో ఫలితమిచ్చిన ప్రయత్నాలు చాలావరకు ఈ రెండింటినీ కలిపి పట్టించుకున్నవే.

శరీరంలో జరిగేది

ప్రమాదం ఎదురైందని మెదడు భావించగానే శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుంది. అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వెలువరించిన గ్రంథంలో ఈ ప్రతిస్పందనను వివరించాడు. అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వడిగా ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. పరీక్ష హాలు ముందు నిలబడ్డ విద్యార్థికి అరచేతులు చెమటలు పట్టడం, కడుపులో తిప్పడం, నోరు ఎండిపోవడం ఇందువల్లనే. అవి పిరికితనానికి గుర్తులు కావు, శరీరం తన పని తాను చేస్తోందనడానికి గుర్తులు.

దీని వెంట మరో నెమ్మదైన ప్రక్రియ నడుస్తుంది. మెదడులోని హైపోథాలమస్, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు ఒకదాని తర్వాత ఒకటి ప్రేరేపితమై కార్టిసాల్ అనే హార్మోను రక్తంలోకి చేరుతుంది. కొద్దిసేపు ఉండే కార్టిసాల్ శక్తినిస్తుంది. వారాల తరబడి ఎక్కువగా ఉంటే నిద్ర చెడుతుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. నేర్చుకున్నదాన్ని అవసరమైన క్షణంలో గుర్తుకు తెచ్చుకోవడంలోనూ ఇబ్బంది కలుగుతుంది. ఇంట్లో అప్పజెప్పిన పాఠం పరీక్షలో గుర్తురాలేదని పిల్లలు చెప్పే మాటకు ఇదొక శాస్త్రీయ ఆధారం.

ఒత్తిడి మీద ఆధునిక అధ్యయనానికి పునాది వేసినవారిలో హాన్స్ సెల్యే ముఖ్యుడు. 1936లో నేచర్ పత్రికలో అచ్చయిన చిన్న లేఖలో, వేర్వేరు హానికర కారణాలకు శరీరం ఒకే రకంగా స్పందిస్తోందని ఆయన ప్రతిపాదించాడు. తర్వాత ఆ స్పందనను హెచ్చరిక, ప్రతిఘటన, అలసట అనే మూడు దశలుగా వివరించాడు. ఏడాది పొడవునా విరామం లేకుండా సాగే కోచింగ్‌లో పిల్లలు మూడో దశకు చేరే ప్రమాదం ఉంటుంది.

ఒత్తిడి అంతా చెడ్డది కాదు. రాబర్ట్ యర్క్స్, జాన్ డాడ్‌సన్ 1908లో ఎలుకలపై చేసిన ప్రయోగాల నుంచి ఒక సూత్రం ప్రచారంలోకి వచ్చింది. ఉత్తేజం మరీ తక్కువైనా పని సాగదు, మరీ ఎక్కువైనా సాగదు, పని కష్టమైనకొద్దీ తట్టుకోగల ఉత్తేజం తగ్గుతుందన్నది దాని సారాంశం. కొద్దిపాటి కంగారు పుస్తకం తెరిపిస్తుంది, మితిమీరితే అదే కంగారు పుస్తకం మూయిస్తుంది.

ప్రధాన సిద్ధాంతాలు

రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో ప్రచురించిన గ్రంథం ఒత్తిడిని చూసే తీరును మార్చింది. ఒత్తిడి సంఘటనలోనే లేదు, సంఘటనను మనిషి అంచనా వేసే తీరులో ఉందని వారు వివరించారు. మొదట మనసు ‘ఇది నాకు ముప్పా?’ అని తూచుకుంటుంది. ఆ వెంటనే ‘దీన్ని ఎదుర్కొనే శక్తి, సాయం నా దగ్గర ఉన్నాయా?’ అని లెక్క చూసుకుంటుంది. ఒకే ప్రశ్నపత్రం ఒకరికి సవాలుగా, పక్కవారికి ఆపదగా కనిపించడానికి కారణం ఇదే. ఒత్తిడిని ఎదుర్కొనే మార్గాలను కూడా వారు రెండుగా విభజించారు. సమస్యనే పరిష్కరించేది ఒకటి, సమస్య వల్ల కలిగిన ఉద్వేగాన్ని శాంతింపజేసేది రెండోది. అర్థంకాని పాఠానికి లెక్చరర్‌ను అడగడం మొదటి మార్గం. వెలువడిపోయిన ఫలితం విషయంలో స్నేహితుడితో మనసు విప్పి మాట్లాడటం రెండోది. మార్చగలిగిన వాటికి మొదటిది, మార్చలేని వాటికి రెండోది ఎక్కువగా ఉపకరిస్తాయి.

జేమ్స్ గ్రాస్ 1998లో ప్రతిపాదించిన నమూనా, ఉద్వేగం పుట్టి పెరిగే దారిలో మనం జోక్యం చేసుకోగల అయిదు చోట్లను చూపుతుంది. పరీక్ష రాసి బయటికొచ్చిన విద్యార్థి, జవాబులు సరిచూసుకుంటున్న గుంపువైపు వెళ్లకపోవడం పరిస్థితిని ఎంచుకోవడం. హాస్టల్ గదిలో గోలగా ఉంటే వార్డెన్‌ను అడిగి వేరేచోట కూర్చోవడం పరిస్థితిని మార్చుకోవడం. రాని ప్రశ్నను వదిలి వచ్చిన ప్రశ్నపై దృష్టి పెట్టడం మూడోది. ‘ఈ పరీక్ష నా బతుకును తేల్చేస్తుంది’ అనే తలంపును ‘ఈ పరీక్ష నేను ఏ పాఠం మళ్లీ చదవాలో చెబుతుంది’ అని మార్చుకోవడం నాలుగోది. ఉద్వేగం వచ్చేశాక నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం అయిదోది. గ్రాస్, ఆయన సహచరుల ప్రయోగాల్లో తేలిన ముఖ్య విషయం ఏమిటంటే, భావాన్ని బయటికి కనపడనీయకుండా అణచుకున్నవారికి లోపలి బాధ తగ్గలేదు, శరీరంలో ఉత్తేజం మాత్రం పెరిగింది. ‘మగపిల్లాడివి, ఏడుస్తావా’ అనే మందలింపు ఏం చేస్తుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

పీటర్ సాలోవే, జాన్ మేయర్ 1990లో భావోద్వేగ ప్రజ్ఞ అనే భావనను శాస్త్రీయంగా నిర్వచించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం దాన్ని సామాన్య పాఠకుల వద్దకు చేర్చింది. ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన ‘నేను చేయగలను’ అనే నమ్మకపు సిద్ధాంతం, ఆరన్ బెక్ 1960ల నుంచి అభివృద్ధి చేసిన ఆలోచనా విధాన చికిత్స ఈనాటి బడి కార్యక్రమాలకు ఆధారంగా నిలిచాయి. అదేపనిగా బాధను తలపోసుకోవడం కుంగుబాటును పొడిగిస్తుందని సుసాన్ నోలెన్ హోక్సెమా 1991 నుంచి చేసిన అధ్యయనాలు చూపాయి.

కౌమారం ప్రత్యేకత

పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య మెదడు ఒకేసారి, ఒకే వేగంతో ఎదగదు. ఉద్వేగాలకు కేంద్రమైన భాగాలు ముందుగా చురుకెక్కుతాయి. తొందరపాటును ఆపి, ముందువెనకలు ఆలోచింపజేసే ముందరి మెదడు భాగం ఇరవయ్యో పడి మధ్యదాకా పరిణతి చెందుతూనే ఉంటుంది. పైగా ఈ వయసులో తోటివారి అభిప్రాయానికి విలువ ఎక్కువ. అందుకే పెద్దవాళ్లకు చిన్నదిగా తోచే అవమానం పదిహేనేళ్ల పిల్లకు భరించలేనిదిగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10–19 ఏళ్లవారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. పెద్దయ్యాక కనిపించే మానసిక సమస్యల్లో సగం పద్నాలుగేళ్ల లోపే మొదలవుతాయని రొనాల్డ్ కెస్లర్ బృందం 2005లో తేల్చింది.

కారణాలు

చదువు కారణాల్లో మొదటిది పరీక్ష. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2022 జనవరి–మార్చి నెలల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు చదువుతున్న 3.79 లక్షల మంది విద్యార్థులను ప్రశ్నించింది. వారిలో 81 శాతం మంది చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు ముఖ్య కారణమన్నారు. సీట్లు కొద్ది, ఆశించేవారు లక్షలు కావడం ఈ భయానికి మూలం.

ఇంటి కారణాలు దీనితో ముడిపడి ఉంటాయి. పొలం తాకట్టుపెట్టి ఫీజు కట్టిన తండ్రిని చూసిన బిడ్డ, ఫెయిలైతే పోయేది తన మార్కులే కాదని అనుకుంటుంది. మేనత్త కొడుకు ర్యాంకుతో, పక్కింటి అమ్మాయి ప్యాకేజీతో పోల్చే మాటలు ఆ భారాన్ని పెంచుతాయి. ఇంట్లో మొదటిసారి పైచదువుకు వచ్చినవారికి దారి చెప్పేవారుండరు. తల్లిదండ్రుల మధ్య గొడవలు, తండ్రి తాగుడు, ఇంట్లో మరణం, అనారోగ్యం వంటివి చదువును నేరుగా దెబ్బతీస్తాయి.

సామాజిక కారణాలు మరికొన్ని. కులం, రంగు, భాష, శరీరాకృతి, వైకల్యం, లైంగికత ఆధారంగా హేళన, ర్యాగింగ్, లైంగిక వేధింపులు పిల్లలను ఒంటరులను చేస్తాయి. ఆడపిల్లలకు ‘ఈసారి పాస్ కాకపోతే పెళ్లి చేసేస్తాం’ అనే బెదిరింపు అదనం. రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్ చూడటం నిద్రను హరిస్తుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ నిద్ర వైద్య అకాడమీ 2016లో సిఫారసు చేసింది. తెల్లవారుజామున లేపి, రాత్రి పది దాటాక పడుకోనిచ్చే హాస్టళ్లలో ఈ లెక్క కుదరదు.

పరీక్షల ఆందోళన

ఈ రంగంలో ఎక్కువగా పరిశోధన జరిగిన అంశం పరీక్షల ఆందోళన. జార్జ్ మాండ్లర్, సేమూర్ సరాసన్ 1952లో దీన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1967లో రాబర్ట్ లీబర్ట్, లారీ మోరిస్ ఇందులో రెండు పాయలున్నాయని చూపారు. గుండె దడ, చెమటలు వంటి శారీరక లక్షణాలు ఒకటి. ‘తప్పుతానేమో, అందరూ ఏమనుకుంటారో’ అనే చింత రెండోది. మార్కులను ఎక్కువగా దెబ్బతీసేది ఈ చింతే. లెక్క చేయడానికి కావలసిన తక్షణ జ్ఞాపకశక్తిలో కొంత భాగాన్ని అది ఆక్రమించేస్తుంది.

దీనికి విరుగుడుగా కొన్ని తేలిక పద్ధతులు ప్రయోగాల్లో ఫలితమిచ్చాయి. జెరార్డో రమీరెజ్, సియాన్ బీలాక్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకు ముందు పది నిమిషాలపాటు తమ భయాలను కాగితం మీద రాసుకున్న ఆందోళనపరులైన విద్యార్థులు మెరుగ్గా రాశారు. జెరెమీ జేమీసన్ బృందం 2010లో మరో విషయం గమనించింది. పరీక్షవేళ గుండె దడ నిజానికి మేలు చేయవచ్చని ముందుగా చెప్పినప్పుడు, విద్యార్థులకు గణిత భాగంలో ఎక్కువ మార్కులొచ్చాయి. దడ ఆగలేదు, దాని అర్థం మారింది.

చదివే పద్ధతి కూడా ఆందోళనను తగ్గిస్తుంది. మళ్లీ మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాసుకోవడం ఎక్కువకాలం నిలుస్తుందని హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో నిరూపించారు. ఒక్కరాత్రిలో కుక్కుకునేదానికన్నా రోజుల ఎడంతో చదివింది నిలుస్తుందని హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే చూపాడు. మార్కులు వేయని చిన్నచిన్న పరీక్షలు ఈ రెండు ప్రయోజనాలనూ ఇస్తాయి. ప్రతి వారం ర్యాంకులు గోడకు అంటించే పరీక్షలు అభ్యాసంగా మొదలైనా, భయంగా మిగులుతాయి.

గుర్తించడం

ఒత్తిడి పెరిగిన విద్యార్థి నోటితో చెప్పకపోయినా ప్రవర్తన చెబుతుంది. నిద్ర, ఆకలి తగ్గడం లేదా విపరీతంగా పెరగడం, కారణం దొరకని తలనొప్పి, కడుపునొప్పి, చిన్నమాటకే కస్సుమనడం, ఇష్టమైన ఆటను మానేయడం, స్నేహితులకు దూరం కావడం, ఉన్నట్టుండి మార్కులు పడిపోవడం, తరగతులు ఎగ్గొట్టడం ముఖ్య లక్షణాలు. ఇవి రెండు వారాలకు మించి కొనసాగితే వైద్యుడి లేదా మానసిక నిపుణుల సలహా అవసరం.

‘నేను లేకపోతే మీకు హాయి’ వంటి మాటలు, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టడం, వీడ్కోలు చెబుతున్నట్టు సందేశాలు పంపడం తక్షణం స్పందించవలసిన సంకేతాలు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా, ప్రేమగా అడిగితే లేని ఆలోచన పుట్టుకురాదని పరిశోధనలు స్పష్టం చేశాయి. అడిగినందువల్ల మాట్లాడే దారి తెరుచుకుంటుంది. అలాంటి స్థితిలో బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంట ఉండి సాయం అందేచోటికి తీసుకువెళ్లాలి.

విద్యార్థి నేర్చుకోదగిన నైపుణ్యాలు

మొదటిది ఉద్వేగానికి పేరు పెట్టడం. ‘ఏదోలా ఉంది’ అనడానికీ, ‘నాన్న ఏమంటారోనని భయంగా ఉంది’ అనడానికీ తేడా ఉంది. మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చేసిన మెదడు చిత్రణ అధ్యయనంలో, భావానికి పేరు పెట్టినప్పుడు భయానికి కేంద్రమైన అమిగ్డలా చురుకుదనం తగ్గింది.

రెండోది ఊపిరి. లోపలికి తీసుకున్నదానికన్నా ఎక్కువసేపు నెమ్మదిగా బయటికి వదిలితే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుంది. ప్రాణాయామం అలవాటున్నవారికి ఇది కొత్త కాదు. ఎవరి కంటా పడకుండా పరీక్ష హాల్లోనే చేయవచ్చు. పరీక్షనాడే మొదలుపెట్టక, ప్రశాంతంగా ఉన్న రోజుల్లో సాధన చేస్తే అవసరానికి అక్కరకొస్తుంది.

మూడోది ఆలోచనను పరీక్షించడం. ‘నాకు లెక్కలు రావు’ అనే వాక్యాన్ని ‘త్రికోణమితిలో రెండు అధ్యాయాలు రావడం లేదు’ అని విడగొడితే చేయవలసిన పని కనిపిస్తుంది. నాలుగోది సమస్యను ముక్కలు చేయడం: సమస్య రాసుకోవడం, దారులు ఆలోచించడం, ఒకటి ఎంచుకోవడం, చేసి చూడటం, ఫలితాన్ని సరిచూసుకోవడం. వాయిదా వేసే అలవాటు బద్ధకం కాకపోవచ్చు. చాలాసార్లు అది భయాన్ని తప్పించుకునే మార్గం. పది నిమిషాల పనిగా మొదలుపెడితే ఆ భయం సడలుతుంది.

అయిదోది శరీర సంరక్షణ. నిద్ర, వేళకు తిండి, రోజూ కొంతసేపు ఆట లేదా నడక అన్నింటికీ ఆధారం. చదువు సమయం కోసం ఆటల పీరియడ్‌ను తీసేయడం ఈ కోణం నుంచి చూస్తే నష్టమే. ఆరోది సాయం అడగటం. స్నేహితుడు, అమ్మమ్మ, అభిమానించే టీచరు, సీనియర్, ఎవరైనా సరే, నమ్మకంతో చెప్పుకోగల ఒక్క మనిషి ఉండటం పిల్లలను కాపాడే అంశాల్లో బలమైనది. ఏడోది తన పట్ల దయ. క్రిస్టిన్ నెఫ్ 2003 నుంచి ఈ భావనపై పరిశోధిస్తోంది. తప్పు చేసినప్పుడు ఆప్తమిత్రుడితో ఎలా మాట్లాడతామో మనతో మనం అలాగే మాట్లాడుకోవడం బాధ్యతను తప్పించుకోవడం కాదు. మళ్లీ ప్రయత్నించే ఓపికను అది నిలబెడుతుంది.

ఇంటి పాత్ర

హాస్టల్‌కు ఫోన్ చేసిన తల్లిదండ్రులు మొదట అడిగేది ఏమిటన్నది చిన్న విషయం కాదు. ‘టెస్టులో ఎన్నొచ్చాయి’ అన్న ప్రశ్నకు ముందు ‘తిన్నావా, నిద్ర పడుతోందా, ఎవరితో ఉంటున్నావు’ అన్న ప్రశ్నలు వస్తే, ఆ బిడ్డకు తన కష్టం చెప్పడానికి చోటు దొరుకుతుంది. వెంటనే సలహా ఇవ్వకుండా పూర్తిగా వినడం, ‘దీనికే భయమా’ అని కొట్టిపారేయకుండా ఉండటం, ఫలితం కన్నా కృషిని మెచ్చుకోవడం నిపుణులు సూచించే మార్గాలు.

‘ఇంటికి వచ్చేస్తాను’ అని బిడ్డ పదేపదే అంటే దాన్ని బద్ధకంగానో, హోమ్‌సిక్‌గానో తీసిపారేయరాదు. వెళ్లి చూడాలి, రెండు రోజులు వెంట ఉంచుకోవాలి, అవసరమైతే కాలేజీ మార్చాలి. కట్టిన ఫీజు తిరిగి రాదన్న లెక్క ఆ నిర్ణయానికి అడ్డు రాకూడదు. గ్రూపు ఎంపికలో పిల్లల ఇష్టానికి చోటివ్వడం, ఎంపీసీ, బైపీసీ కాకుండా ఇతర దారుల గురించి పదో తరగతిలోనే మాట్లాడటం ముందుజాగ్రత్తలో భాగం. ఫలితాల రోజున ఇంట్లో పెద్దవారు ఒకరు పక్కన ఉండటం, ‘మార్కులు ఎలా ఉన్నా నువ్వు మాకు ముఖ్యం’ అన్నమాట ముందుగానే చెప్పడం మేలు చేస్తాయి.

బడి కార్యక్రమాలు, వాటి ఫలితాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల మొదట్లో పది జీవన నైపుణ్యాలను సూచించింది. ఉద్వేగాలను ఎదుర్కోవడం, ఒత్తిడిని ఎదుర్కోవడం వాటిలో రెండు. 1994లో అమెరికాలో ఏర్పడిన కాసెల్ అనే సంస్థ సామాజిక, భావోద్వేగ విద్యకు అయిదు అంశాల చట్రాన్ని రూపొందించింది. తనను తాను తెలుసుకోవడం, తనను తాను నడుపుకోవడం, ఇతరులను అర్థం చేసుకోవడం, సంబంధాలు నిలుపుకోవడం, బాధ్యతగా నిర్ణయాలు తీసుకోవడం అందులోని అంశాలు. జోసెఫ్ డుర్లాక్ బృందం 2011లో ఇలాంటి 213 కార్యక్రమాల ఫలితాలను కలిపి విశ్లేషించింది. వాటిలో పాల్గొన్న విద్యార్థులు 2,70,034 మంది. ప్రవర్తన మెరుగుపడటమే కాక, చదువులోనూ సగటు విద్యార్థి 11 పర్సంటైల్ పాయింట్లు ముందుకు జరిగినట్టు తేలింది. ఉద్వేగాల పాఠానికి సమయమిస్తే సిలబస్ వెనకబడుతుందన్న భయానికి ఇది సమాధానం.

భారతదేశంలో బీహార్‌లోని నలందా జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో జరిగిన సెహర్ ప్రయోగం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సంగత్ సంస్థకు చెందిన పరిశోధకులు 2018లో లాన్సెట్ పత్రికలో దీని ఫలితాలు ప్రచురించారు. వృత్తి నిపుణులు కాని, శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్లు కొన్ని బడుల్లో పనిచేశారు. అసెంబ్లీలో చర్చలు, గోడపత్రికలు, పిల్లలు తమ గోడు రాసి వేసే పెట్టెలు, బృంద చర్చలు, విడిగా కౌన్సెలింగ్ ఇందులో భాగం. ఆ బడుల్లో వాతావరణం మెరుగుపడింది, కుంగుబాటు, వేధింపులు తగ్గాయి. అదే కార్యక్రమాన్ని ఉపాధ్యాయులకు అదనపు బాధ్యతగా అప్పగించిన బడుల్లో అలాంటి ఫలితం రాలేదు. ఈ పనికి వేరే మనిషి, వేరే సమయం కావాలన్నది ఇక్కడి పాఠం.

ఢిల్లీ ప్రభుత్వం 2018 జులైలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు హ్యాపీనెస్ పాఠ్యాంశాన్ని ప్రవేశపెట్టింది. కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి 1998 నుంచి ఫోన్ కౌన్సెలింగ్ నడుపుతోంది. కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో మనోదర్పణ్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఉపాధ్యాయుల ద్వారా జీవన నైపుణ్యాలు నేర్పే నమూనాను రూపొందించింది.

అన్ని ప్రయత్నాలూ ఫలించలేదు. బ్రిటన్‌లో 85 పాఠశాలల్లో, ఎనిమిది వేల మందికి పైగా పిల్లలపై జరిగిన మిరియడ్ అధ్యయనం 2022లో వెలువడింది. ధ్యాన ఆధారిత పాఠాలు, మామూలుగా సాగే భావోద్వేగ పాఠాల కన్నా ఎక్కువ మేలు చేయలేదని అందులో తేలింది. పిల్లలు ఇంటివద్ద సాధన చేయకపోవడం ఒక కారణంగా కనిపించింది. ఒకే మందును అందరికీ పంచేకన్నా, అవసరాన్ని బట్టి సాయం అందించే మెట్ల పద్ధతిని ఇప్పుడు ఎక్కువమంది సమర్థిస్తున్నారు. అందరికీ సాధారణ పాఠాలు, ఇబ్బందిలో ఉన్నవారికి చిన్న బృందాలు, తీవ్రంగా బాధపడేవారికి వైద్యం ఇందులోని మూడు మెట్లు.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ సమస్యకు ఇంటర్మీడియట్ కేంద్రబిందువు. పదిహేనేళ్లకే ఇల్లు వదిలి రెసిడెన్షియల్ కాలేజీలో చేరడం, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఒక్కసారిగా ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారడం, పబ్లిక్ పరీక్షలతోపాటు ఈఏపీసెట్, జేఈఈ, నీట్‌లకు ఏకకాలంలో సిద్ధం కావడం ఈ రెండేళ్లలోనే జరుగుతాయి. తెల్లవారుజామున మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే దినచర్య, వీకెండ్ పరీక్షలు, మార్కులను బట్టి సెక్షన్లు మార్చే పద్ధతి ఈ కాలేజీల్లో విస్తృతంగా ఉన్నాయి. కింది సెక్షన్‌కు దించిన విద్యార్థి పాఠంతోపాటు స్నేహితులనూ, తన మీద నమ్మకాన్నీ పోగొట్టుకుంటాడు. విద్యార్థుల ఆత్మహత్యలపై ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2001లోనే ఆచార్య నీరదా రెడ్డి నేతృత్వంలో కమిటీ వేసింది. సమస్య కొత్తది కాదు, దాని గురించి తెలియకపోవడమూ లేదు.

2019 ఏప్రిల్ 18న వెలువడిన తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిలైనట్టు ప్రకటించిన ఆ ఫలితాల తర్వాత రోజుల వ్యవధిలోనే పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసి, ఫెయిలైనవారి పత్రాలను ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించింది. మార్కుల ప్రక్రియలో కచ్చితత్వం కూడా పిల్లల మానసిక ఆరోగ్య రక్షణలో భాగమేనని ఆ విషాదం తేటతెల్లం చేసింది.

రెండు రాష్ట్రాల్లోనూ ఫెయిలైనవారికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉన్నాయి. వాటిలో పాసైనవారికి విద్యాసంవత్సరం వృథా కాదు. ఫలితాలు ప్రకటించే రోజున పాస్ శాతాలు, టాపర్ల ఫొటోలతోపాటు ఈ సమాచారాన్ని, రీకౌంటింగ్ గడువును, హెల్ప్‌లైన్ నంబరును అంతే ప్రముఖంగా చెప్పవలసిన బాధ్యత బోర్డుల మీద, పత్రికల మీద, టీవీ చానళ్ల మీద ఉంది.

విదేశాల్లో చదివే తెలుగు విద్యార్థులది మరో రకం ఒత్తిడి. విద్యారుణం, వీసా నిబంధనలు, ఉద్యోగ అన్వేషణ, ఒంటరితనం అందులో ముఖ్యం. అమెరికాలో ఉన్నవారికి విశ్వవిద్యాలయాల కౌన్సెలింగ్ కేంద్రాలు, 2022 జులైలో ప్రారంభమైన 988 నంబరు అందుబాటులో ఉన్నాయి.

చట్టం, విధానం

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. మొత్తం ఆత్మహత్యల్లో ఇది 7.6 శాతం. పరీక్షలో తప్పడం ఒక్కటే కారణంగా నమోదైనవి వయసుతో నిమిత్తం లేకుండా 2,248. అంటే పరీక్ష ఒక్కదాన్నే పట్టించుకుంటే సరిపోదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షకు బదులు సంరక్షణ, చికిత్స అందించాలని దాని 115వ సెక్షన్ చెబుతోంది. కేంద్రం 2022 నవంబరులో జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహాన్ని ప్రకటించింది. పదహారేళ్లలోపు పిల్లలను చేర్చుకోరాదని కోచింగ్ కేంద్రాలకు 2024 జనవరిలో మార్గదర్శకాలు జారీ చేసింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని ఏర్పాటు చేసింది.

ఆ ఏడాది జులై 25న వచ్చిన తీర్పు తెలుగు నేలతో నేరుగా ముడిపడినది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌నో, మనస్తత్వవేత్తనో, సామాజిక కార్యకర్తనో నియమించాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, తరగతుల్లో కనపడేలా రాయాలి. చట్టం వచ్చేవరకు ఇవి కట్టుబడి ఉండవలసిన నియమాలు. అడ్మిషన్ వేళ కౌన్సెలర్ ఎవరని, సెక్షన్లు ఎలా విడగొడతారని అడిగే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది.

సహాయం

కేంద్ర ఆరోగ్యశాఖ 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రోజంతా ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది. పిల్లలకు 1098 నంబరు ఉంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు 112కు ఫోన్ చేయాలి. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలలో, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చికిత్స లభిస్తుంది. కౌన్సెలింగ్, అవసరమైతే మందులు, కుటుంబ సహకారం తోడైతే ఎక్కువమంది పిల్లలు కోలుకుని చదువు కొనసాగిస్తారు. సాయం కోరడం ఆలస్యమైనకొద్దీ కోలుకోవడానికి పట్టే కాలం పెరుగుతుంది కాబట్టి, అనుమానం వచ్చిన రోజే అడగటం మంచిది.